తలకి ఎన్ని బిందెలు

రోజు 1. లంక: పది.

ఊళ్ళ బిళ్ళలు కొని అమ్మే మారకంలోకి కొత్తగా దిగేవాళ్ళు రోజూ పుస్తకం రాయాలట. ఏం కొన్నాం, ఎందుకు కొన్నాం, కొనేటప్పుడు కడుపులో ఎలా ఉంది. ఈ మూడూ రాయకపోతే మారకం గది నడిపే గవరయ్యగారు గుమ్మం తొక్కనివ్వరు. పలకలు గీకే చేతులతో కలం పట్టి ఎన్నేళ్ళయిందో అన్నాను.

"రాసుకోకపోతే, నష్టమొచ్చిన రోజున గవరయ్యే ముంచేశాడంటారమ్మాయ్ మీరంతా. రాసుకుంటే మీ తెలివితక్కువతనం మీ చేతిరాతలోనే ఉంటాది," అన్నారాయన.

సరే, రాస్తున్నాను. నా పేరు దీవెన. కొత్తగట్టులో సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే యంత్రం దగ్గర పలకలకి పట్టిన ఉప్పు గీకడం నా పని. ఏడాదిన్నర గీకితే మిగిలింది మా ఊరి డబ్బులో నలభై గట్టు బిళ్ళలు. నా భర్త సంసోను పేరంటిలంకలో చదువరి. రోజూ తెల్లవారుజామున రేడియోలో ఆ ఊరి లెక్క చదివేది ఆయనే. సొంత ఊరివాడైతే ఊరికోసం అబద్ధం చదువుతాడని, ప్రతి ఊరికీ పరాయి ఊరి మనిషినే పెడతారు. ఎప్పుడూ అబద్ధమాడడని పేరుంది కాబట్టి మా ఆయన్ని ఏరి మరీ తీసుకుపోయారు. నన్ను మాత్రం తీసుకుపోలేదు. చదువరి పెళ్ళామైనా సరే, లంకలో అడుగు పెట్టాలంటే మూడు వందల లంక బిళ్ళలు చూపించి దిగుడు హక్కు తెచ్చుకోవలసిందే. ఆ హక్కు చీటీ లేకపోతే మా రేవులో పడవ తాడు కూడా విప్పనివ్వరు.

ఆ మూడు వందల కోసమే ఈ తిప్పలు.

రోజు 3. లంక: పది.

ఇవాళ కొన్నాను. ఎందుకు కొన్నానో రాయాలి కదా. బిళ్ళ విలువంతా తెల్లవారుజాము లెక్కలోనే ఉంది. ఊరి ట్యాంకులో ఉన్న నీళ్ళని ఊళ్ళో ఉన్న తలలతో భాగిస్తే ఎన్ని బిందెలొస్తే ఆ ఊరి బిళ్ళకి అంత విలువ. నీళ్ళెన్నో విడిగా చెప్పరు, తలలెన్నో విడిగా చెప్పరు. చెబితే పక్క ఊళ్ళకి మన లోటు తెలిసిపోతుందని పెద్దలు పెట్టిన పద్ధతి. మాది తలకి ఎనిమిది. లంకది సంసోను వెళ్ళినప్పుడు ఆరే ఉండేది, ఇప్పుడు పదికి లేచింది. అంటే ఒక లంక బిళ్ళకి ఒకటింపావు గట్టు బిళ్ళ పెట్టాలి. ఇంకా లేచేలాగే ఉంది. లేచే కొద్దీ ఆ మూడు వందలూ నాకు అందకుండా పోతాయి, కాబట్టి లేచే బిళ్ళనే పట్టుకుని వేలాడటం మేలనుకున్నాను.

"నలభైలో నాలుగే పెట్టు. పోతే నాలుగే పోతాయి. చిన్న మదుపుతో వచ్చినోళ్ళకి ఓపికే పెట్టుబడి," అన్నారు గవరయ్యగారు.

"ఓపిక ఉంటే ఇంట్లోనే ఉందును కదండీ," అని నలభై బల్ల మీద పెట్టేశాను.

పదింతల పద్ధతి తీసుకున్నాను. నా నలభైకి గది మూడు వందల అరవై కలిపింది. మూడు వందల ఇరవై లంక బిళ్ళలు నా పేరున ఒక పెట్టెలో పడ్డాయి. తాళం గదిది. ఒక లంక బిళ్ళ ధర పద్దెనిమిది గట్టు బిళ్ళలకి చేరితే, ఇరవై అమ్మి గది వాటా కట్టేసి, మూడు వందలు చేతిలోకి తీసుకోవచ్చు. తాళం తీసేది మాత్రం లంకకి పడవ ఎక్కే రోజే, అదీ ఆ తెల్లవారి లెక్క విన్నాకే. ఈలోగా ధర పడిపోయి నా నలభై కరిగిపోతే పెట్టె మొత్తం గదికి పోతుంది.

కడుపులో ఎలా ఉందంటే, వాంతి వచ్చేలా ఉంది. అదీ రాశాను.

రోజు 11. లంక: పదిహేను.

వారం రోజుల్లో ఇంత లేచింది! పలకలు గీకుతూ పాటలు పాడానని నూకరత్నం వెక్కిరించింది. నూకరత్నం నా పక్క పలకల మీద పని చేస్తుంది. మొగుడు సత్తిరాజు వలల పడవ మీద పోతాడు, ఇద్దరు ఆడపిల్లలు.

"మొగుడి గొంతు విని మురిసిపోతున్నావో, మొగుడి ఊరి ధర విని మురిసిపోతున్నావో చెప్పవే," అంది.

రెండూ అన్నాను. నిజమే. ఐదు నెలల కింద లంకవాళ్ళు రేవు మూసేశారు. ఉప్పు పడవల్లో వచ్చే ఉత్తరాలు ఆగిపోయాయి. ధర పెరిగినవాళ్ళకి పొగరు కూడా పెరుగుతుందని మా ఊళ్ళో అందరూ తిట్టుకున్నారు. అప్పటినుంచీ సంసోను అంటే నాకు తెల్లవారుజామున వినిపించే ఆ ఒక్క ముక్కే. "పేరంటిలంక. తలకి పదిహేను." అంతకు మించి మాట దాటదు. ఒకప్పుడు చదువరులు లెక్కతో పాటు స్నేహితులకి గుట్టు మాటలు చేరవేసేవారని, రేడియోకి జల్లెడ పెట్టారు. ఊరి పేరు, అంకె, ప్రయాణం వెళ్ళేవాళ్ళ లెక్క, ఇవి తప్ప ఏ మాటనైనా ఆ జల్లెడ మింగేస్తుంది. అంకె తర్వాత కాసేపు వట్టి గాలి వినిపించి ఆగిపోతుంది. ఈమధ్య ఆ గాలి కాస్త ఎక్కువసేపు వస్తున్నట్టుంది. యంత్రం పాతబడిపోయి ఉంటుంది.

రోజు 20. లంక: ముప్పై ఆరు.

ఇవాళ ధర గురించి రాయబుద్ధి కావడం లేదు. వలల పడవ తిరగబడింది. పన్నెండు మంది పోయారు. సత్తిరాజు కూడా.

నూకరత్నం పలకల దగ్గరే కూలబడిపోయింది. పిల్లల్ని నా దగ్గర పడుకోబెట్టుకున్నాను. చిన్నది నిద్రలో నా చెయ్యి వదల్లేదు.

రోజు 21. లంక: నలభై.

తెల్లవారి లెక్కలో మా ఊరిది మారింది. ఎనిమిది ఉండేది, ఎనిమిదీ పైన ఒక బిందెలో పదోవంతూ చదివారు. మారకం గదిలో ఈలలు, చప్పట్లు. మనది కూడా లేచిందిరా అని ఒకళ్ళ భుజాలు ఒకళ్ళు చరుచుకున్నారు. ఆ కేకలు వీధి దాటి నూకరత్నం ఇంటిదాకా వినిపించాయి. నేను అక్కడే ఉన్నాను.

"ఎందుకే అరుస్తున్నారు?" అంది.

"మన బిళ్ళ లేచిందంట."

"ఎందుకు లేచింది?"

చిన్నదాన్ని ఒళ్ళోకి లాక్కున్నాను. ట్యాంకు నిన్నటిదే. నీళ్ళు నిన్నటివే. ఊళ్ళో పన్నెండు తలలు తక్కువ, అంతే. బిళ్ళ లేచింది.

నేను ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

రోజు 22. లంక: నలభై ఎనిమిది.

ట్యాంకులన్నీ పాత ప్రభుత్వం కట్టినవే. ఏ ఊరిదైనా ఒకటే కొలత, ఏడు వేల రెండు వందల బిందెలు. లంకలో యంత్రం ఎండతో తనంతట తానే తిరుగుతుంది, ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఆ మాట సంసోనే మొదటి ఉత్తరంలో రాశాడు.

నేలమీద బొగ్గుతో వేశాను. ఆయన వెళ్ళినప్పుడు ఆరు. అంటే పన్నెండు వందల మంది. నేను మొదటిరోజు రాసిన పది అంటే ఏడు వందల ఇరవై. నేను పాటలు పాడిన రోజుకి నాలుగు వందల ఎనభై. నిన్న నూట ఎనభై. ఇవాళ నూట యాభై.

తప్పు వేశానేమోనని తుడిచి మళ్ళీ వేశాను. నూట యాభయ్యే వచ్చింది.

జబ్బో, మరేదో, నాకు తెలియదు. తెలిసే దారి కూడా లేదు. లంకలో రెండో ట్యాంకు కట్టారని గదిలో చెప్పుకుంటున్నారు. పెరిగే లెక్కని పట్టుకుని గుణించి చూసే తీరిక ఎవరికుంటుంది? నాకూ లేదు, నూకరత్నం మొగుడు పోయేదాకా.

ఇంకొకటి తట్టింది. ఆ గాలి. అంకె చదివాక వచ్చే ఆ వట్టి గాలి ఇవాళ చాలాసేపు వచ్చింది. యంత్రం పాతబడి కాదు. ఆయన మాట్లాడుతున్నాడు. ఐదు నెలలుగా ప్రతి తెల్లవారీ మాట్లాడుతూనే ఉన్నాడు. జల్లెడ మింగేస్తోంది. నేను ఇక్కడ కూర్చుని అంకె రాసుకుని, లాభం చూసుకుని, రేడియో కట్టేసి పనికి పోయాను.

ఏడ్చాను. ఇది కూడా రాయాలిగా.

రోజు 26. లంక: అరవై.

నూట ఇరవై మంది.

నూకరత్నం సత్తిరాజు పరిహారమంతా పట్టుకెళ్ళి పదింతల మీద లంక బిళ్ళలు కొనేసింది. మూడు వందలకి పైనే వచ్చాయట.

"ఈ నీళ్ళలోనే ఆయన పోయాడు. ఈ నీళ్ళనే చూస్తా ఈ పిల్లల్నెలా పెంచనే? నువ్వెళ్ళే పడవలోనే మేమూ వచ్చేత్తాం. లంకలో మీ ఆయనున్నాడు కదా, మాకూ ఒక దిక్కు," అంది.

చెప్పాలి. అప్పుడే చెప్పెయ్యాలి. చెబితే ఆమె గదికెళుతుంది, గదిలో అందరికీ తెలుస్తుంది, లంకకి పడవన్నది ఇక ఉండదు. సంసోను ఆ ఊళ్ళో చివరిదాకా ఒక్కడే ఉండిపోతాడు. నేను ఒంటరిగా పడవ కట్టించుకోలేను, హక్కు చేతికి రాలేదు.

"సరే, కలిసే వెళదాం," అన్నాను.

అన్నది నేనే. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

రోజు 33. లంక: నూట నలభై నాలుగు.

పద్దెనిమిది గట్టు బిళ్ళల ధర దాదాపు వచ్చేసింది. నేను కలలో కూడా అందదనుకున్న ధర ఇది. యాభై మంది మిగిలితే వచ్చే ధర అని అప్పుడు నాకు తెలియదు.

పడవ ఖాయమైంది. నలభయ్యో రోజున. నలభై ఒక్క మంది. పెద్దవాళ్ళంతా నాలాగే పదింతలతో పెట్టెలు నింపుకున్న చిన్న మదుపువాళ్ళు. పలకలు గీకేవాళ్ళు, వలలు కుట్టేవాళ్ళు, ఒక పురిటి మంత్రసాని. మూడు వందలు ఉన్నవాణ్ణి ఏ ఊరూ కాదనకూడదని చట్టం. రేవు మూసుకున్నా తెరవాల్సిందేనని నవ్వుకుంటున్నారు. అందులో పిల్లలు పదకొండు మంది, వాళ్ళకి పెద్దవాళ్ళ హక్కే చాలట. లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెట్టాను.

గవరయ్యగారు నన్ను పక్కకి పిలిచారు.

"ఏంటమ్మాయ్, లాభం వచ్చినోళ్ళ మొహంలా లేదే? పుస్తకంలో ఏం రాస్తన్నావు?"

"ఉన్నదే రాస్తున్నానండి."

"చూపించు."

చూపించలేదు. ఇది నా పుస్తకం అన్నాను. ఆయన వదిలేశారు.

రోజు 37. లంక: పద్దెనిమిది వందలు.

నలుగురు.

గదిలో పలక మీద అంకె పట్టడం లేదని పెద్ద పలక తెచ్చారు. లంక యంత్రం సముద్రాన్ని మొత్తం తాగేస్తోందని ఎవరో అంటే అందరూ నమ్మారు. గొంతు సంసోనుదే. నలుగురిలో ఆయన ఒకడు. చదువరి తలని కూడా లెక్కలో కలుపుతారు.

రోజు 38. లంక: మూడు వేల ఆరు వందలు.

ఇద్దరు.

ఇవాళ గాలి వినిపించలేదు. అంకె చదివి ఊరుకున్నాడు. చెప్పి చెప్పి విసిగిపోయాడో, పక్కనున్న మనిషిని చూసుకోవాల్సి వచ్చిందో.

రోజు 39. లంక: ఏడు వేల రెండు వందలు.

రేడియో ముందు కూర్చున్నాను. ఊరి పేరు చదివేదాకా ఎవరి గొంతు వస్తుందో తెలియదు కదా. ఆయన గొంతే వచ్చింది. సంతోషంతో అరిచాను. ఇంకెవరో పోయారని తెలిసి అరిచాను. ఇలాంటి సంతోషం ఒకటి మనిషికి ఉంటుందని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

మా ఊరి చదువరి మా లెక్క చదివి, పద్ధతి ప్రకారం చివర కలిపాడు. "ప్రయాణం నలభై ఒకరు, పేరంటిలంకకి. రేపు." వెళ్ళే ఊరివాళ్ళు నీళ్ళు చూసుకోవాలి కాబట్టి ముందురోజే చెబుతారు. అంటే సంసోను వినే ఉంటాడు. ఆ నలభై ఒకరిలో నేనుంటానని ఆయనకి తెలియకుండా ఉండదు.

మూట కట్టుకున్నాను. నూకరత్నం పిల్లలకి జడలు వేశాను. పెద్దదానికి కుచ్చులు కావాలట, నా పాత చీర అంచు చింపి కట్టాను. ఆ పిల్ల మొహం చూడకుండా కట్టాను.

రోజు 40. లంక: ఒకటి.

మొదట అందరూ తప్పు విన్నామనుకున్నారు. రెండోసారి చదివాడు. చదువరులు రెండోసారి చదవరు. "పేరంటిలంక. తలకి ఒకటి." నింపాదిగా, ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు.

నిన్న ఏడు వేల రెండు వందలు. ఇవాళ ఒకటి. గదిలో ఒక్కసారిగా అరుపులు. ట్యాంకు బద్దలైంది, నీళ్ళు పోయాయి, ఊళ్ళూళ్ళు అక్కడికే ఎగబడ్డాయి, ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు. గవరయ్యగారు ఒక్కో పెట్టె మీద పేరు కొట్టేసుకుంటూ వచ్చారు. నా పేరు, నూకరత్నం పేరు, మంత్రసాని పేరు. నీళ్ళు లేని ఊరికి పడవెందుకని రేవులో తాళ్ళు మళ్ళీ కట్టేశారు.

బతుకులో ఒక్క అబద్ధమైనా ఆడని మనిషి ఇవాళ ఆడాడు. నలభై ఒక్క మందిని గుమ్మంలోనే ఆపేశాడు. నన్ను కూడా. నా నలభై, నా మూడు వందల ఇరవై, అన్నీ ఆ ఒక్క మాటలో పోయాయి.

కోపం రాలేదని రాస్తే అబద్ధమవుతుంది. ముందు కోపమే వచ్చింది. నన్నొక్కదాన్నీ రానివ్వచ్చుగా అని రేడియోని నేలకేసి కొట్టబోయి ఆగాను. తర్వాత పెద్దపిల్ల తలలో ఆ కుచ్చులు కనబడ్డాయి. అక్కడే కూర్చుండిపోయాను.

రోజు 41. లంక: ఒకటి.

ఊరంతా లంక చదువరిని తిడుతోంది. నా మొహం మీదే తిడుతున్నారు. "మీ ఆయన నోట్లో మన్నుబడ," అంది మంత్రసాని. తలవంచుకుని విన్నాను. తిట్టండి, ఇంకా తిట్టండి. ఆయన నోరు ఆడుతోంది, అది చాలు నాకు.

రోజు 46. లంక: ఒకటి.

నూకరత్నానికి చెప్పేశాను. బొగ్గుతో నేలమీద గుణించి చూపించాను. నాకు ఎప్పుడు తెలిసిందో కూడా చెప్పాను. ఏ రోజో దాచలేదు.

ఆమె వేలు పెట్టి ఆ అంకెల్ని వరసగా చదివింది.

"పిల్లలకి జడలేశావు. తెలిసే వేశావు," అంది.

"అవును."

చెంప మీద కొట్టింది. ఇంకోటి కొడుతుందనుకుని నిలబడ్డాను. కొట్టలేదు, వెళ్ళిపోయింది. ఈ మాట ఊళ్ళో చెబుతుందో లేదో అడగలేదు, అడిగే మొహం నాకు లేదు.

రోజు 48. లంక: ఒకటి.

కుట్టుమిషన్ అమ్మేశాను. నలభై గట్టు బిళ్ళలు ఇచ్చారు.

గదికెళ్ళి లంక బిళ్ళలు కావాలన్నాను. అక్కడున్నవాళ్ళు ఘొల్లున నవ్వారు. ఎనిమిది లంక బిళ్ళలిస్తే ఒక గట్టు బిళ్ళ రాని ధర. వాటిని ఎవరూ ముట్టుకోవడం లేదు. ఆయన అబద్ధం అందరినీ తరిమేసింది గానీ, హక్కు మాత్రం ఇంకా మూడు వందల బిళ్ళలే. ధర ఎంత పడినా చట్టంలో ఆ సంఖ్య మారలేదు. నలభైకి మూడు వందల ఇరవై వచ్చాయి. ఈసారి పదింతలు లేవు, గది వాటా లేదు, తాళం నా దగ్గరే.

"ఇదివరకు కొన్నావు, మునిగావు. మళ్ళీ అదే కొంటావేంటమ్మాయ్?" అన్నారు గవరయ్యగారు. నవ్వలేదాయన.

"ఓపిక పట్టమన్నారుగా."

ఆయన బిళ్ళలు లెక్కపెట్టి సంచిలో పోసి, నా వైపు తోశారు. తోసి, చెయ్యి సంచి మీదే ఉంచారు. "తిరిగొచ్చేది ఉందా?" అని చిన్నగా అడిగారు. ఎంతవరకు గ్రహించారో నాకు తెలియదు. లేదండీ అన్నాను. అక్కడిది ఏదీ ఇక్కడికి మోసుకురాను అని కూడా అన్నాను.

కడుపులో ఎలా ఉందంటే, ఏమీ లేదు. నెమ్మదిగా ఉంది.

రోజు 52. లంక: ఒకటి.

ఇన్ని రోజులుగా గొంతు చెక్కుచెదరలేదు. ఆ ఊళ్ళో తిరిగిందేదో ఆయన్ని వదిలేసి పోయిందని నమ్ముతున్నాను. పోకపోయినా వెళ్ళేదాన్నే.

చిన్న తెప్ప, రెండు తెడ్లు, ఒక్కదాన్నే. నన్ను దింపడానికి ఎవరూ రానక్కర్లేదు. మా ఊరి చదువరి ఇవాళ లెక్క చివర చదివాడు. "ప్రయాణం ఒకరు, పేరంటిలంకకి. రేపు." వింటున్నవాళ్ళు నవ్వారట.

రేపు ఆయన ఏం చదువుతాడో. సున్నా చదివి బిళ్ళనే చంపేస్తే నా హక్కు చెల్లదు, తాడు విప్పనివ్వరు. ఆపాలనుకుంటే ఆయన చేతిలో ఆ ఒక్కటి ఉంది. నన్ను ఒకసారి ఆపినవాడు రెండోసారి ఆపడని ఏముంది?

రోజు 53.

తెల్లవారింది. రేవులో తెప్ప పక్కన నిలబడి విన్నాను. ఊరి పేరు చదివి ఆగాడు. తర్వాత చదివాడు.

"పేరంటిలంక. తలకి అర."

లంక ఇంకా పడిపోయిందని రేవు కాపలావాడు ఫక్కున నవ్వి, నా చీటీ చూసి తాడు విప్పాడు. పదమూడు రోజులుగా ఒక్క తలకి ఒకటి చదివిన మనిషి, ఇవాళ దాన్ని ఇద్దరికి పంచాడు.